ఎయాసి సరస్సుకు వెళ్లబోతున్న అమ్ములుకు

చిరంజీవి అమ్ములుకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ముగ్గురు స్నేహితురాళ్లతో కలిసి ఫిబ్రవరిలో టాంజానియాకు సఫారీ వెళ్తున్నావనీ, జంతువులతోపాటు హడ్జాబే, దటోగా, మసాయి తెగల వాళ్ల నివాసాలు కూడా చూసి వస్తావనీ మీ నాన్న నిన్న ఫోనులో చెప్పాడు. మన ఇంట్లో నా తరవాత ఆ నేల మీద కాలు పెట్టబోయేది నువ్వేనని కాసేపు పొంగిపోయాను కానీ, ఫోను పెట్టేసిన అరగంటకే ఆ పొంగు చల్లారి గుబులు పట్టుకుంది. అరూషాలో లెక్కలు రాసే ఉద్యోగంలో ఆరేళ్లు గడిపిన మనిషిని కాబట్టి అక్కడ ఏది ఎక్కడ కాలికి తగులుతుందో నాకు కొంత తెలుసు. ఆ తెలిసినదంతా ఈ ఉత్తరంలో పెట్టాలని కూర్చుంటే, పిల్ల విహారానికి వెళ్తుంటే వీలునామా రాస్తున్నట్టున్నారే అని మీ పెద్దమ్మ నవ్వుతోంది.

అందరూ చెప్పే మాటలు ముందు ముగించేస్తాను. మలేరియా మాత్రలు డాక్టరును అడిగి, వెళ్లకముందే మొదలుపెట్టు. కెన్యా మీదుగా వెళ్లే టిక్కెట్టయితే ఎల్లో ఫీవర్ టీకా కార్డు సంగతి ఇప్పుడే చూసుకో. 2019 జూన్ నుంచి ఆ దేశంలో ప్లాస్టిక్ సంచులు నిషేధం కాబట్టి, సామాను సర్దేటప్పుడు బట్టలను అలాంటి సంచుల్లో చుట్టకు. నీలం, నలుపు రంగు బట్టలంటే కుట్టే త్సెత్సె ఈగకు ప్రీతి కనుక వాటిని ఇంట్లోనే వదిలెయ్యి. ఆఫ్రికా అంటే ఎండ అనుకుని స్వెట్టరు మానేవు సుమా: న్గొరొంగొరొ అగ్నిపర్వత బిలం అంచు సముద్రమట్టానికి 2,300 మీటర్ల ఎత్తున ఉంటుంది, అక్కడ తెల్లవారుజామున నా పళ్లు టకటకలాడిన చప్పుడు నాకే వినిపించేది.

ఇక మీ నాన్న పంపిన మీ ప్రయాణ పట్టిక చూశాను. తరంగిరె పార్కు ఒక రోజు, మన్యారా పార్కు ఒక రోజు, ఎయాసి సరస్సు దగ్గర ఒక పూట, ఆ పూటలోనే హడ్జాబే వాళ్లతో వేట, దటోగా కమ్మరి కొలిమి, మధ్యాహ్నానికి కరాటు ఊళ్లో భోజనం! ఇది ఎవరు వేశారో గానీ, పెళ్లివారింటికి వెళ్లి గుమ్మంలోనే తాంబూలం అందుకుని వెనక్కి వచ్చేసినట్టుంది. హడ్జాబే మగవాళ్లు పొద్దు పొడవకముందే వేటకు బయలుదేరతారు. కరాటులో పడుకుంటే మీరు చీకట్లో లేచి, ఆ గతుకుల దారిలో ఊగుతూ, నిద్రముఖాలతో వాళ్ల ముందు దిగుతారు. మన్యారా మానేసి ఎయాసి దగ్గర రెండు రాత్రులు ఉండండి. మన్యారాలో కనబడే ఏనుగులూ జిరాఫీలూ తరంగిరెలోనూ కనబడతాయి.

సెరెంగెటి విషయంలోనూ ఒక మార్పు చెబుతాను. ఫిబ్రవరిలో దాదాపు 13 లక్షల వైల్డ్‌బీస్ట్ అనే జింకజాతి జంతువుల మంద దక్షిణాన న్డుటు చుట్టుపక్కల పొట్టి గడ్డి మైదానాల్లో ఉంటుంది. ఆ నేల పాత అగ్నిపర్వతాల బూడిదతో ఏర్పడింది, అక్కడి గడ్డిలో బాలింత జంతువులకు కావలసిన సత్తువ ఉంటుంది కనుక అవి ఈనడానికి అక్కడికే వస్తాయి. పుట్టిన దూడ తడి ఆరకముందే, నిమిషాల్లో లేచి నిలబడి, తూలుతూ తల్లి వెంట పరుగు తీయడం చూస్తే నీకు ఇంకేమీ చూడాలనిపించదు. నదిలో మొసళ్లు, మంద దాటడం అని ఎవరైనా ఆశ పెడితే, అది జులై నుంచి అక్టోబరు వరకు మారా నది దగ్గర జరిగే సంగతి అని తెలుసుకుని మీ డ్రైవరును న్డుటుకే తీసుకెళ్లమను. ఇంకా దగ్గరికి పోనివ్వమని ఆ డ్రైవరుకు చిల్లర ఆశ పెట్టకండి. చిరుతలా మచ్చలుండే చీటా పగటిపూట వేటాడుతుంది. చుట్టూ పది జీపులు చేరితే దాని పూట భోజనం పోయినట్టే.

నా అసలు భయం సింహాల గురించి కాదు, రాత్రి గుడారం జిప్పు గురించి. సెరెంగెటిలో మామూలు క్యాంపులకు కంచె ఉండదు. నేను మొదటిసారి పడుకున్న రాత్రి రెండు గంటలవేళ, తలకు జానెడు దూరంలో, గుడ్డకు అవతల ఏదో గడ్డిని పరపరమని పీకి నములుతూ, మధ్యమధ్య బరువుగా ఊపిరి విడుస్తూ నిలబడింది. తెల్లవారి చూస్తే అడవిదున్న గిట్టల గుర్తులు. సాయంత్రం తాగిన మూడు గ్లాసుల టీని నేను ఆ రాత్రంతా ఎలా భరించానో దేవుడికే తెలియాలి. కాబట్టి పొద్దుగూకాక నీళ్లు తగ్గించు. చెప్పులు లోపలే పెట్టుకో, బయట ఉంటే హైనాలు ఎత్తుకుపోతాయి. తినే వస్తువు ఒక్కటి కూడా గుడారంలో ఉంచకు. అంతగా వెళ్లవలసి వస్తే అస్కారిని, అంటే కాపలా మనిషిని, టార్చి ఊపి పిలిచి అతను వచ్చాకే కాలు బయట పెట్టు. నీ స్నేహితురాళ్లలో ఒకమ్మాయికి ధైర్యం ఎక్కువని విన్నాను, ఈ పేరా ఆ అమ్మాయికి రెండుసార్లు చదివి వినిపించు.

ఇప్పుడు నేను ఈ ఉత్తరం మొదలుపెట్టిన అసలు కారణానికి వస్తాను. మీ నాన్నకు కూడా ఇంతవరకు పూర్తిగా చెప్పని సంగతి ఇది.

1998 ఆగస్టులో మా ఆఫీసువాళ్లం ముగ్గురం ఎయాసికి వెళ్లాం. సరస్సు దగ్గరి మంగోలా ఊళ్లో ఉల్లితోటల మధ్యనుంచి దారి. ఆ తోటలు దాటాక ముళ్లతుమ్మలు, బావోబాబ్ చెట్లు. చీకటి ఉండగానే హడ్జాబే వాళ్ల మంటల దగ్గరికి చేరాం. నా ఈడు మనిషి ఒకతని వెనక మూడు గంటలు నడిచాను. జంతువేదీ దొరకలేదు గానీ, ఎండ ఎక్కేవేళకు ఒక చిన్న పిట్ట కొమ్మ మీదినుంచి కొమ్మ మీదికి ఎగురుతూ గోల పెట్టింది. అతను ఈలతో బదులిస్తూ దాని వెంట పరుగెత్తాడు. తేనెపట్టు ఉన్న చోటికి మనిషికి దారి చూపే పిట్ట అది. అతను బావోబాబ్ మానులోకి చెక్క మేకులు దిగగొట్టి, ఒక్కొక్క మేకు మీద అడుగు వేస్తూ పైకి పోయి, పొగ పెట్టి, తేనె దించాడు. తొర్రలోనుంచి తీసిన మొదటి ముక్కల్లో ఒకటి, మైనం, పిల్లపురుగులతో సహా, నా చేతిలో పెట్టాడు. అంత మర్యాద చేసిన మనిషికి నేను చేసింది విను.

మంటల దగ్గరికి తిరిగి రాగానే అతని విల్లు మీద నా కన్ను పడింది. నా తలను మించిన ఎత్తు. నేను బలమంతా పెట్టి లాగితే సగం కూడా వంగలేదు. పట్టుకునే చోట అతని అరచేతి చెమటకు కర్ర నల్లగా, నున్నగా అయిపోయింది. మా దుబాసీ పెద్దాయన, వచ్చినవాళ్లకు అమ్మడానికి చేసిన చిన్న విల్లులు చెట్టుకు ఆనించి ఉన్నాయి, అందులో ఒకటి తీసుకోండి అన్నాడు. నాకు బొమ్మలు అక్కరలేదు, అసలుదే కావాలి అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. నేను ధర పెంచాను. మళ్లీ ఊపాడు, మళ్లీ పెంచాను. మూడోసారి నోట్లు విప్పి అతని కళ్లముందు విసనకర్రలా పట్టుకున్నాను. అతను ఆ నోట్ల వంక చాలాసేపు చూసి, నా మొహం వంక చూడకుండా విల్లు ఇచ్చేశాడు. ఆ క్షణాన నేను ఎంత గెలిచినట్టు నవ్వానో మా వాళ్లు తీసిన ఫొటోలో ఇప్పటికీ ఉంది.

మర్నాడు మేము వెనక్కి వస్తూ, దుబాసీ ఎవరికో మందులు ఇవ్వాలంటే అక్కడ ఆగాం. మగవాళ్లందరూ వేటకు వెళ్లిపోయారు. అతనొక్కడూ చెట్టుకింద కూర్చుని ఉన్నాడు. దగ్గరికి వెళ్తే సారా వాసన. జీపులోకి ఎక్కాక ఆ పెద్దాయన నిదానంగా లెక్క చెప్పాడు: సరైన కర్ర వెతకాలి, చెక్కాలి, నిప్పు మీద కాచి వంపు సరిచేయాలి, వింటి తాడుకు పెద్ద జంతువు నరం దొరకాలి, అంతవరకు అతను వేటకు వెళ్లలేడు. దొరికింది నలుగురూ పంచుకోవడం వాళ్ల పద్ధతి కనుక పస్తు మాత్రం ఉండడు. నేను అచ్చు లెక్కలు రాసేవాణ్నే, ఆ లెక్క మాత్రం నాకు తట్టలేదు.

ఇక్కడికి ఒక తప్పు. రెండోది దీనికంటే పెద్దది. విల్లు జీపు పైనే కట్టి ఉంది, మేమింకా వాళ్ల మంటలకు వంద గజాల దూరంలోనే ఉన్నాం. ఆపండి, ఇచ్చేసి వస్తాను అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. డబ్బు పోతుందని కాదమ్మా, తోటివాళ్ల ముందు తప్పు ఒప్పుకోవాలే అని ఊరుకున్నాను. చివరికి ఏడాది తరవాత ఉద్యోగం ముగించుకుని వస్తుంటే విమానాశ్రయంలో ఆపేశారు. తాడు అడవి జంతువు నరమనీ, అనుమతి కాగితం లేనిదే దాటనివ్వమనీ విల్లు తీసుకుని బల్ల వెనక మూలకు చేర్చారు. నేను చివరిసారి చూసినప్పుడు అది రెండు గొడుగుల మధ్య నిలబెట్టి ఉంది. మీ నాన్నకు విల్లు విమానాశ్రయంలో పోయిందని మాత్రమే చెప్పాను.

అందుకే ఎయాసి దగ్గర నువ్వు చేయవలసినవి కొంచెం గట్టిగానే చెబుతాను. మీ సఫారీ డ్రైవరుకు హడ్జాబే వాళ్ల హడ్జానె భాష రాదు; నాలుకతో టక్కుమనిపించే శబ్దాలున్న ఆ భాషకు చుట్టుపక్కల ఏ భాషతోనూ చుట్టరికం లేదు. కాబట్టి మంగోలాలో ఆ భాష తెలిసిన స్థానిక గైడును తీసుకోండి. ఇవ్వవలసిన డబ్బు ముందే మాట్లాడుకుని, అతని ద్వారా, అందరూ చూస్తుండగా ఇవ్వండి. ఒక మనిషిని పక్కకు పిలిచి నోటు చేతిలో పెట్టడం, సారా, పిల్లలకు చాక్లెట్లు, ఇవేవీ వద్దు. జాలితో చేసినా వద్దు. మొదటి గంట కెమెరా సంచిలోనే ఉండనీ. వేటలో పదడుగులు వెనక, మాట్లాడకుండా నడవాలి. ముళ్లు చీరేస్తాయి కనుక నిండు ప్యాంటు, మూసిన బూట్లు వేసుకో. వాళ్లు కొట్టిన పిట్టను అక్కడే నిప్పు మీద కాల్చి నీకూ ఒక ముక్క చాపితే, తినకపోతే తినకపో, మొహం మాత్రం చిట్లించకు. వాళ్లు మొత్తం 1,300 మందికి అటూఇటూ. వేట మీద, దుంపల మీద, తేనె మీదే పూర్తిగా బతికేవాళ్లు అందులో కొన్ని వందలే. పొలాలు, పశువుల మందలు నాలుగువైపులా ముందుకు వస్తుంటే, యాయెదా లోయలో కొంత భూమికి 2011లో వాళ్ల పేరిట పత్రం వచ్చింది. వాళ్లు ఇంతకాలం భూమికి కాగితం అడగవలసిన అవసరమే ఎరగనివాళ్లు.

మసాయి వాళ్ల బోమాకు, అంటే కంచె వేసుకున్న ఇళ్ల గుంపుకు, వెళ్లినప్పుడు ఇంకొక సంగతి గుర్తుంచుకో. సెరెంగెటి అన్న పేరే వాళ్ల భాషలోది, అంతులేని మైదానం అని అర్థం. 1959లో వాళ్లను ఆ మైదానంనుంచి న్గొరొంగొరొకు పంపారు, 1974లో ఆ బిలం అడుగునుంచి పైకి పంపారు, 2022 నుంచి దూరాన ఉన్న మ్సోమెరాకు కుటుంబాలను తరలిస్తున్నారు. నువ్వు మనుషులు లేని అడవి అనుకుని ఫొటో తీసే చోట చాలావరకు ఎవరో ఒకరి పశువులు మేసినవే. ఈ విషయాలు బోమాలో నువ్వుగా ఎత్తకు. వాళ్లే చెబితే విను. గెంతే నాట్యం చూసి చప్పట్లు కొట్టి వచ్చేయకుండా, ఇల్లు కట్టిన ఆడవాళ్లను ఆ ఇంటి గురించి అడుగు. అక్కడ ఇల్లు కట్టేది ఆడవాళ్లే, మట్టితోను పేడతోను. పెద్దవాళ్లు కనబడితే స్వాహిలీలో “షికమో” అను, “మరహబా” అని బదులిస్తారు. మసాయి పిల్లలు నీ ముందు తల వంచి నిలబడితే కంగారుపడకు, అది దండం పెట్టడం లాంటిది, నడినెత్తి మీద మెల్లగా చెయ్యి ఆనించాలి. నీకు ఇరవై ఆరేళ్లే అయినా అక్కడ నువ్వు పెద్దదానివే.

నాకేం తేవాలని అడిగావట. నాకేమీ వద్దు. మీ పెద్దమ్మకు మాత్రం దటోగా కమ్మరి దగ్గర ఒక ఇత్తడి కడియం తీసుకో. పాత తాళంకప్పలు కరిగించి చేస్తారు, మేకతోలు తిత్తులు ఊదుతూ నీ కళ్లముందే చేసి ఇస్తారు, అమ్మడానికే చేస్తారు. హడ్జాబే వాళ్ల బాణం ములుకులు కూడా ఆ కొలిమిలోనివే, తేనెకు, మాంసానికి మారకంగా ఇస్తారు. కడియానికి కమ్మరి అడిగిన ధర ఇచ్చెయ్యి, బేరమాడకు. పెద్దమ్మ చేతి కొలతకు ఎర్ర దారం కత్తిరించి ఈ కవరులో పెడుతున్నాను; ముడి వేసిన చోటికి కాక, ముడికి వేలెడు ఇవతల సిరాచుక్క పెట్టిన చోటికి కొలవమను.

ఆశీస్సులతో,
పెదనాన్న