మూత ఫోనులో జియో సిమ్ పనిచేస్తుందా?

2జీ మాత్రమే ఉన్న ఫ్లిప్ ఫోనులో జియో సిమ్ పనిచేయదు. 4జీతో పాటు వోల్టీ (VoLTE) కూడా ఉన్న ఫోనే కావాలి. 2016లో మొదలైన జియోకు 2జీ, 3జీ నెట్‌వర్కులే లేవు. అందులో మన మాట కూడా డేటాలాగే చిన్న చిన్న ముక్కలై 4జీ మీదుగా వెళుతుంది. దాన్నే వోల్టీ అంటారు. 2జీ ఫోనుకు ఆ సంకేతాన్ని అందుకునే శక్తి లేదు. ఎయిర్‌టెల్ ఇప్పటికీ 2జీ నడుపుతోంది కాబట్టి ఆ సిమ్ అదే ఫోనులో పనిచేస్తుంది.

హనుమకొండ చౌరస్తాలో పరకాల తాతయ్య కోసం ఫోను కొంటున్నారనుకోండి. పెద్ద మీటలు, మూత తెరిస్తే కాల్ ఎత్తడం, మూస్తే పెట్టేయడం: 2జీ, 4జీ ఫ్లిప్ ఫోన్లు రెండూ చూపుకు ఒకటే. జియో సిమ్ వేశాకే తేడా తెలుస్తుంది. 2జీ ఫోను తెర మీద సిగ్నల్ గీత ఒక్కటీ రాదు. నోకియా 2660 ఫ్లిప్ వంటి వాటిలో 4జీ వోల్టీ ఉంది. పెద్దవాళ్లకు ఎంతో అవసరమైన అత్యవసర మీట కూడా ఉంది.

చాలామంది ‘4జీ ఇంటర్నెట్‌కే కదా, తాతయ్యకెందుకు’ అనుకుంటారు. జియోలో ఉత్త మాటలకైనా 4జీయే దారి. పెట్టె మీద వోల్టీ అని ఉందో లేదో చూసి కొనండి.