లినక్స్ ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి హ్యాంగ్ అవుతోంది, ఎందుకు?

4 జీబీ, 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో ఎక్కువసార్లు కారణం ర్యామ్ నిండిపోవడమే. ఖాళీ లేనప్పుడు కెర్నల్ (ర్యామ్‌ను ప్రోగ్రాములకు పంచే లినక్స్ మూల భాగం), నడుస్తున్న ప్రోగ్రాముల కోడ్‌ను కూడా ర్యామ్‌లోంచి తీసేస్తుంది, మరుక్షణమే అది కావాల్సివచ్చి డిస్కు నుంచి మళ్లీ చదువుతుంది. సమయమంతా దానికే సరిపోతుంది. బ్రౌజర్‌లో 30 ట్యాబులు తెరిచి ఉండగా వీడియో కాల్ మొదలుపెట్టారనుకోండి: మౌస్ బాణం ఆగి ఆగి కదులుతుంది, డిస్కు లైటు ఆరకుండా వెలుగుతుంది. ఆ లైటే అసలు ఆనవాలు.

స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు అందులోని డేటాను దాచే డిస్కు భాగం) తీసేస్తే బాగవుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. స్వాప్ లేకపోయినా కోడ్ కోసం డిస్కు చదవడం ఆగదు, పైగా ఇంకా ముందే మొదలవుతుంది. దానికి బదులు, ర్యామ్‌లోనే డేటాను కుదించి ఉంచే జెడ్‌ర్యామ్ పెట్టుకోండి. ఫెడోరా అనే లినక్స్ రకంలో, 2020లో వచ్చిన ఫెడోరా 33 నుంచి అది ముందే ఉంటోంది. ర్యామ్ బోలెడు ఖాళీగా ఉండగానే హ్యాంగ్ అవుతుంటే మాత్రం ముందు గ్రాఫిక్స్ డ్రైవర్‌ను అనుమానించాలి.