సున్నా రోజు సీరమ్ మరిచిపోకు

తల్లీ, ఆశీస్సులు.

నీ ప్రయోగం ప్లాను రెండుసార్లు చదివాను. మగ కుందేలు అనుబంధ జనన గ్రంథిని (వీర్యానికి ద్రవం చేర్చే గ్రంథి) ఒంట్లో ఉండగానే లిక్విడ్ నైట్రోజన్‌తో చల్లబరిచే కడ్డీ (ప్రోబ్)తో గడ్డకట్టించి, తర్వాత రక్తంలో యాంటీబాడీలు వెతుకుతానన్నావు. పాత దారే. 1967లో యాంటోర్నో, సోన్స్, గోండర్, షుల్మన్ చూపించింది ఇదే: బయటినుంచి ఏ పదార్థమూ ఎక్కించకపోయినా, కుందేళ్లు గడ్డకట్టిన తమ కణజాలం మీదే యాంటీబాడీలు పుట్టించుకున్నాయి. పాతదని చిన్నచూపు చూడకు.

నీ ప్లానులో ఎంత వెతికినా కనబడనిది ఒకటుంది. ప్రోబ్ తాకించక ముందు, ఏ కుందేలుకు ఆ కుందేలు రక్తం తీయాలి. ఆ రక్తం గడ్డకట్టాక తేరే ద్రవమే సున్నా రోజు సీరమ్. చిన్నతనంలో నేనూ మరిచాను. మూడు నెలలు కష్టపడి టైటర్లు (సీరమ్‌లో యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చెప్పే అంకెలు) చూపిస్తే, మా పెద్దాయన "ఇవి ముందే లేవని ఏమిటి సాక్ష్యం?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. ఆరోగ్యంగా ఉన్న జంతువులోనూ కొద్దిపాటి సహజ యాంటీబాడీలుంటాయి. గొర్రె ఎర్ర రక్తకణాలకు టానిక్ ఆమ్లం పట్టించి, గ్రంథి పదార్థం అతికించి, సీరమ్ కలిపితే గుంపు కడతాయా అని పరీక్షించేటట్టయితే మరీ జాగ్రత్త. కుందేలు సీరమ్ ఆ ఉత్త కణాలనే గుంపు కట్టించగలదు. ముందు సీరమ్‌ను ఉత్త కణాలతో కలిపి ఆ యాంటీబాడీలను తీసేసి, తర్వాతే పరీక్షకు పెట్టు.

రెండోది, చలి చేసిందా, కత్తి చేసిందా? కోత కోసి, చల్లబరచని ప్రోబ్‌ను అంతే సేపు తాకించి కుట్టేసే గుంపు తప్పనిసరి. వీలైతే అదే గ్రంథిని వేడితో కాల్చే గుంపు కూడా పెట్టు. నాకు ఎక్కువ ఆసక్తి దీని మీదే. వేడికి ప్రోటీన్ల ఆకారం చెడుతుంది. మంచు స్ఫటికాలు పొరలు చించుతాయిగానీ, లోపలి ప్రోటీన్లు చాలావరకు ఆకారం చెడకుండానే బయటపడతాయి. ఈ గ్రంథి పదార్థాల్లో కొన్ని యుక్తవయసులోగానీ తయారుకావు. రోగనిరోధక వ్యవస్థ 'నాది, పరాయిది' నేర్చుకునేది అంతకు చాలా ముందు. కాబట్టి వాటిని పరాయివనుకోవచ్చు. అందుకని కుందేళ్ల వయసు రాసిపెట్టు. పిల్ల కుందేళ్లనూ పెద్దవాటినీ ఒకే గుంపులో కలపకు.

"గడ్డకట్టించాను" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. గ్రంథి నడుమ ఒకటి, అంచున ఒకటి థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) పెట్టు. నైట్రోజన్ -196 డిగ్రీలైనా అంచు దగ్గర అంత చలి ఉండదు. అక్కడి కణాలు కొన్ని బతుకుతాయి, కొన్ని తర్వాత అపోప్టోసిస్‌తో, అంటే తమను తామే కూల్చుకుని, చడీచప్పుడు లేకుండా పోతాయి. అలాంటి చావుకు శరీరం పెద్దగా రెచ్చిపోదు. కరగడం నెమ్మదిగా జరగనివ్వు. ఆ వేళ చిన్న స్ఫటికాలు కలిసి పెద్దవై ఇంకా నాశనం చేస్తాయి. ఎన్ని నిమిషాలు, ఎన్ని విడతలు అన్నదీ నోటుపుస్తకంలో ఉండాలి.

మత్తు, నొప్పి మందుల్లో రాజీ వద్దు. కానీ స్టెరాయిడ్లు ఇస్తే నువ్వు వెతికే స్పందననే అవి అణిచేస్తాయి, పశువైద్యుడితో ముందే మాట్లాడు.

కొన్ని వారాల తర్వాత మిగిలిన గ్రంథిని మళ్లీ గడ్డకట్టించు. రెండోసారి యాంటీబాడీలు త్వరగా, ఎక్కువగా వస్తే రోగనిరోధక వ్యవస్థకు జ్ఞాపకశక్తి ఉన్నట్టే. కాలేయం, మూత్రపిండం ముద్దలతోనూ అదే సీరమ్‌ను పరీక్షించు. వాటికీ అంటుకుంటే ఈ యాంటీబాడీలు ఈ గ్రంథికే ప్రత్యేకమని తొందరపడి రాయకు.

ఇంకో మాట. తీసిన సీరమ్‌ను చిన్న చిన్న సీసాల్లో పంచి దాచు. పదేపదే గడ్డకట్టించి కరిగిస్తే యాంటీబాడీలే పాడవుతాయి. మూత మీద కాదు, సీసా ఒంటి మీద రాయి. మూతలు మారిపోతాయి.