మీ డబ్బు – మీ ప్రశ్న: అడగని లోనుకు ఎంక్వైరీ

ప్రశ్న: బెంగళూరు వైట్‌ఫీల్డ్ వైపు ఫ్లాటు కొందామని, హోమ్ లోన్‌కి వెళ్లే ముందు నా అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టు తీశాను. ఎంక్వైరీల దగ్గర, అంటే లోను దరఖాస్తు మీద ఎవరెవరు నా రిపోర్టు అడిగారో చూపే చోట, ఐదు వరుసలున్నాయి. మూడు నావే. ఒకటి ఓ ప్రైవేటు బ్యాంకు పేరుతో, మూడు లక్షల పర్సనల్ లోన్. ఇంకోటి ఎన్నడూ పేరు వినని ఫైనాన్స్ కంపెనీది, పదివేలు. ఈ రెండూ నేను అడగలేదు. వీటిని తీయించడం ఎలా? – పాఠకుడు, మారతహళ్లి

జవాబు: ముందు ఆ పదివేల సంగతి చూద్దాం. పేరు తెలియని కంపెనీ ఎంక్వైరీ చాలాసార్లు మనదే అయి ఉంటుంది. షాపింగ్ యాప్‌లో ‘ఇప్పుడు కొనండి, తర్వాత కట్టండి’ అన్నచోట నొక్కినా, షాపులో ఫోను ఈఎంఐ మీద తీసుకున్నా, అప్పిచ్చేది ఆ యాపూ కాదు, ఆ షాపూ కాదు. వెనకాల ఒక ఎన్‌బీఎఫ్‌సీ, అంటే బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ ఉంటుంది. రిపోర్టులో పడేది దాని రిజిస్టర్డ్ పేరు. అందుకే ఎంక్వైరీ తేదీ పట్టుకుని, దానికి రెండు రోజులు అటూ ఇటూ వచ్చిన ఎస్సెమ్మెస్‌లు, మెయిళ్లు వెతకండి. ఓటీపీయో, అప్లికేషన్ నంబరో కనిపిస్తే అది మీదే, దాన్ని వదిలేయండి. తమ్ముడి లోనుకు హామీ ఉన్నా, భార్యతో కలిసి జాయింటుగా అప్లై చేసినా మీ రిపోర్టులో ఎంక్వైరీ పడుతుంది. మన రిపోర్టు మనమే చూసుకుంటే మాత్రం స్కోరుకేమీ కాదు.

మూడు లక్షలది నిజంగా మీది కాదనుకుందాం. డిస్ప్యూట్ (తప్పు దిద్దమని సిబిల్‌కు పెట్టే ఫిర్యాదు) వేసే ముందు రిపోర్టులో ఫోన్ నంబర్లు, అడ్రసులు ఉన్న భాగం తిప్పి చూడండి. సిబిల్ రిపోర్టులో కొన్ని నంబర్ల పక్కన బ్రాకెట్లో ‘ఈ’ (e) అనే చిన్న ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. ఎంక్వైరీ చేసినప్పుడు బ్యాంకు పంపిన వివరం అని దాని అర్థం. అక్కడ మీకు తెలియని నంబరుంటే, మీ పాన్ మీద వేరెవరో అప్లికేషన్ పెట్టారనడానికి అదే మొదటి ఆధారం. ఆ పేజీని దాచుకోండి. నంబరు సరిచేయించాక అది మళ్లీ కనబడదు.

ఇక డిస్ప్యూట్. సిబిల్ సైట్‌లో లాగిన్ అయి, డిస్ప్యూట్ పెట్టే చోట ఎంక్వైరీ విభాగం ఎంచుకుని, ఆ ఒక్క వరుసకే టిక్ పెట్టండి. రుసుమేమీ లేదు. రిపోర్టు పైన ఉండే కంట్రోల్ నంబరు, మీకిచ్చే డిస్ప్యూట్ ఐడీ రెండూ రాసిపెట్టుకోండి. ఐదు వరుసలకూ టిక్ పెట్టేవాళ్లుంటారు, పోతే పోనీ అని. మీవి మూడూ మీవేనని బ్యాంకులు తిప్పి పంపుతాయి, నిజమైన ఫిర్యాదు కూడా ఆ గుంపులో కలిసిపోతుంది.

బ్యూరో, అంటే సిబిల్ లాంటి క్రెడిట్ సమాచార కంపెనీ, తనంతట తాను ఏదీ చెరిపేయదు. మీ ఫిర్యాదును ఆ బ్యాంకుకు పంపి, అది ‘అవును, పొరపాటే’ అంటేనే తీస్తుంది. కాబట్టి అదే రోజు బ్యాంకులో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరుకు మెయిలు పెట్టండి. బ్రాంచిలో నోటిమాటగా చెప్పినదానికీ, చాట్‌లో రాసినదానికీ తర్వాత విలువుండదు. మెయిల్లో కథ అక్కర్లేదు, ఇంత చాలు:

‘ఫలానా తేదీన నా పాన్ మీద మీరు రూ. 3,00,000 పర్సనల్ లోన్ కోసం ఎంక్వైరీ చేశారు. నేను దరఖాస్తు చేయలేదు, అనుమతి ఇవ్వలేదు. అప్లికేషన్ నంబరు, అది వచ్చిన తేదీ, సమయం, సమ్మతి నకలు, ఓటీపీ వెళ్లిన మొబైల్ నంబరు, దరఖాస్తు తెచ్చిన ఏజెంటు లేదా యాప్ పేరు తెలపండి. ఇవి లేకపోతే ఎంక్వైరీ తొలగించమని బ్యూరోకు రాసి, ఆ సంగతి నాకు లిఖితపూర్వకంగా ధ్రువీకరించండి.’

ఈ మెయిల్లో బలమంతా ‘ఓటీపీ వెళ్లిన మొబైల్ నంబరు’ దగ్గరే ఉంది.

ఫిర్యాదు తేల్చడానికి గడువు 30 రోజులు. అందులో బ్యాంకుకు 21 రోజులు. గడువు దాటితే రోజుకు వంద రూపాయల చొప్పున మీకు పరిహారం రావాలి. ఆలస్యం ఎవరిదైతే వాళ్లే, బ్యాంకో బ్యూరోనో, కట్టాలి. ఫిర్యాదు పరిష్కారమైన ఐదు పనిదినాల్లో అది మీ ఖాతాలో పడాలి. 2023 అక్టోబరులో ఆర్‌బీఐ తెచ్చిన ఈ నిబంధన 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది. జూన్ 1న ఫిర్యాదు చేస్తే జూలై 1తో గడువు ముగుస్తుంది. జూలై 19న తేలిస్తే 18 రోజులు, 1,800 రూపాయలు. అయితే ‘నా స్కోరు ఎందుకు తగ్గింది’ అన్న ఫిర్యాదుకు ఇది వర్తించదు. అందుకే స్కోరు మాట ఎత్తకుండా ఎంక్వైరీ గురించే రాయండి.

హోమ్ లోన్ అప్లికేషన్‌కు రెండు నెలల ముందే ఇది మొదలుపెడితే ఊపిరి తీసుకునే వీలుంటుంది. అంత వ్యవధి లేకపోతే డిస్ప్యూట్ నకలు లోన్ ఫైలుకు జతచేయండి. ఒక్క ఎంక్వైరీ వల్ల లోను ఆగడం అరుదు. క్రెడిట్ కార్డు బాకీ, కట్టడం ఆలస్యమైన ఈఎంఐ అంతకంటే ఎక్కువ దెబ్బ తీస్తాయి.

ప్రశ్న: డిస్ప్యూట్ వేశాను. ‘కస్టమర్ సమ్మతి ఉంది’ అన్న ఒక్క ముక్కతో మూసేశారు. ఇక అంతేనా? – పాఠకురాలు, సర్జాపుర రోడ్డు

జవాబు: అంతే కాదు. ఫిర్యాదు తిరస్కరిస్తే కారణం చెప్పాలని ఆర్‌బీఐ నిబంధనే ఉంది. ‘సమ్మతి ఉంది’ అన్నది వాళ్ల మాట. దానికి రుజువు అడగండి.

సమ్మతి ఎలా పుడుతుందో తెలిస్తే మీరు ఎక్కడున్నారో మీకే అర్థమవుతుంది. ‘మేడం, మీకు ప్రీ-అప్రూవ్డ్ ఆఫరుంది, ఎలిజిబిలిటీ చూస్తాను, ఓటీపీ చెప్పండి’ అని ఏజెంటు ఫోను చేస్తాడు. చూడటమే కదా అని చెబుతాం. ఆ ఓటీపీయే అనుమతి. లోన్లు పోల్చి చూపే సైట్లలో ఒక్క టిక్ పెడితే ఒకటి కంటే ఎక్కువ సంస్థలకు అనుమతి ఇచ్చినట్టు కావచ్చు, ఒకే వారంలో మూడు నాలుగు ఎంక్వైరీలు పడేది అలాగే. బ్యాంకు చూపించిన ఓటీపీ మీ నంబరుకే వచ్చి ఉంటే ఈ పోరు మానుకోండి, గెలవరు. నెలలు గడిచేకొద్దీ దాని బరువు దానంతటదే తగ్గుతుంది.

ఓటీపీ మీది కాని నంబరుకు వెళ్లినా, రుజువే చూపకపోయినా, 30 రోజులు దాటినా ఇలాంటి ఫిర్యాదులు విచారించే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లండి. సీఎంఎస్ అనే ఆర్‌బీఐ ఫిర్యాదుల పోర్టల్‌లో ఫిర్యాదు ఉచితం, లాయరు అక్కర్లేదు. బ్యాంకుల మీదే కాదు, 2022 సెప్టెంబరు 1 నుంచి క్రెడిట్ బ్యూరోల మీద కూడా పెట్టొచ్చు. సందేహాలుంటే 14448కి ఫోన్ చేసి తెలుగులోనే అడగొచ్చు. బ్యాంకుకు ముందు ఫిర్యాదు చేసిన మెయిలు లేకపోతే మాత్రం అక్కడ మీ ఫిర్యాదు నిలబడదు. అనుమతి లేకుండా ఒకరి క్రెడిట్ సమాచారం తీయడం 2005 నాటి క్రెడిట్ సమాచార కంపెనీల చట్టం, 22వ సెక్షన్ కింద నేరం. ఒక్కో నేరానికి లక్ష రూపాయల దాకా జరిమానా. రెండో మెయిల్లో ఈ సెక్షన్ ఒక వాక్యంలో ప్రస్తావించండి చాలు, బెదిరింపులొద్దు.

ప్రశ్న: ఐదువేలిస్తే ఎంక్వైరీలన్నీ తీసేసి స్కోరు 750 చేస్తానంటున్నాడు ఒక ఏజెంటు. ఇవ్వొచ్చా? – పాఠకుడు, కె.ఆర్.పురం

జవాబు: వద్దు. మీరు ఉచితంగా వేసే డిస్ప్యూటే అతనూ వేస్తాడు, అదీ మీ లాగిన్, మీ ఓటీపీతో. ఆ రెండూ చేతికిస్తే రేపు కొత్త ఎంక్వైరీ పడినా ఆశ్చర్యం లేదు.

ప్రశ్న: మూడేళ్లలో నాలుగు పీజీలు మారాను. ప్రతిచోటా ఆధార్, పాన్ జిరాక్సులిచ్చాను. ఇప్పుడు నాది కాని ఎంక్వైరీ ఒకటి కనిపించింది. నా పేరు మీద లోను తీసుకుని ఉంటారా? – పాఠకురాలు, బీటీఎం లేఅవుట్

జవాబు: ఎంక్వైరీ అంటే తలుపు తట్టడం, లోపలికి వెళ్లినట్టు కాదు. లోను మంజూరైతే ఖాతాల భాగంలో కొత్త వరుస వస్తుంది. 2025 జనవరి 1 నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి బ్యూరోలకు సమాచారం పంపాలి కాబట్టి, ఇప్పుడొకసారి, నెలన్నర తర్వాత ఇంకోసారి ఖాతాలు చూడండి.

సిబిల్ ఒక్కటే చూసి ఊరుకోకండి. ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే బ్యూరోలు కూడా ఉన్నాయి. బ్యాంకు ఏ బ్యూరోను అడిగితే ఎంక్వైరీ ఆ ఒక్కదాంట్లోనే పడుతుంది. సిబిల్‌లో లేనిది ఎక్స్‌పీరియన్‌లో ఉండొచ్చు. నాలుగూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి.

లోను నిజంగా కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, ఆ ఫిర్యాదు నంబరును బ్యాంకు మెయిల్లో రాయండి.

మీ రిపోర్టు ఎవరైనా తీస్తే బ్యూరో ఎస్సెమ్మెస్ లేదా మెయిలు పంపాలి. కానీ ఊళ్లో ఉన్నప్పటి పాత సిమ్మే మీ బ్యాంకు ఖాతాలో ఉండిపోతే ఆ కబురు మీదాకా రాదు. బెంగళూరు వచ్చి నంబరు మార్చినవాళ్లు ముందు బ్యాంకులో దాన్ని మార్పించుకోవాలి. వచ్చే పీజీకి చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, పాన్ అసలు ఇవ్వకండి. ఇవ్వక తప్పకపోతే ఆ జిరాక్సు మీద, ఫొటోకూ నంబరుకూ అడ్డంగా పడేలా, ‘పీజీ అద్దె కోసం మాత్రమే’ అని తేదీతో రాసి సంతకం పెట్టండి.