ప్యాలెట్ సరే, మూఢానికి డబ్బులేవీ?

ప్రశ్న: మాది గాజువాక. రెండేళ్లుగా పెళ్లికూతుళ్లకి మేకప్ చేస్తున్నాను. ముహూర్తాలున్న నెలల్లో 40 వేల దాకా వస్తుంది, లేనప్పుడు ఐదారు వేలొస్తే ఎక్కువ. ఇప్పుడు వాడుతున్నది 700 రూపాయల ఐషాడో ప్యాలెట్, అదే కనురెప్పల మీద వేసే రంగుల డబ్బా. ఈమధ్య ఫోన్ చేసినవాళ్లు హుడా బ్యూటీ లాంటి ఖరీదైన బ్రాండ్ వాడతారా అని ముందే అడుగుతున్నారు. నేను చూసుకున్న ఖరీదైన ప్యాలెట్ 6,500. క్రెడిట్ కార్డు మీద నో కాస్ట్ ఈఎంఐలో తీసుకోవచ్చా? కార్డులో ఇప్పటికే 38 వేలు బాకీ ఉంది, మినిమం డ్యూ కరెక్టుగానే కడుతున్నాను. ఒక లోన్ యాప్ 50 వేలు ఇస్తానంటోంది, దాంతో కార్డు తీర్చేసి మిగిలింది కిట్టుకి పెడదామా అని కూడా ఉంది. అద్దె, స్కూటీ కిస్తీ అన్నీ కలిపి నెల ఖర్చు 18 వేలు. బ్యాంకులో 11 వేలున్నాయి.

జవాబు: అమ్మా, మీ ఉత్తరమంతా ప్యాలెట్ చుట్టూ తిరిగింది గానీ నేను ఆగిపోయింది చివరి ముక్క దగ్గర. నెలకి 18 వేల ఖర్చున్న ఇంటికి 11 వేలు ఇరవై రోజులకి కూడా రావు. మేకప్, ఫొటోలు, డెకరేషన్, కేటరింగ్, ఇలా పెళ్లిళ్ల మీద బతికేవాళ్లలో ఎవరిని కదిపినా ఇదే వరస. డబ్బు ఆడిన నెలలో సామాను కొంటారు, ఆడని నెలలో కార్డు గీకుతారు.

ముందు మీరడిగింది తేల్చేద్దాం. చవకదానికీ ఖరీదైనదానికీ తేడా లేదని నేననను, ఉంది, ముఖ్యంగా మ్యాట్ షేడ్లలో, అంటే మెరుపు లేని రంగుల్లో. చవక ప్యాలెట్‌లో బ్రష్ పెట్టగానే పొడి లేస్తుంది, సగం కంటి కింద ఫౌండేషన్ మీద రాలుతుంది, మెరూన్ పక్కన బ్రౌన్ కలిపేసరికి రెండూ కలిసి బూడిద రంగులోకి తిరుగుతాయి. తెల్లవారుజాము ముహూర్తం, బయట కారు హారన్ కొడుతోంది, మీరేమో కంటి కింద తుడుచుకుంటూ కూర్చోవాలి. మెరిసే రంగులు, షిమ్మర్లలో అంత తేడా కనపడదు, వేలితో అద్దితే 700దీ బాగానే మెరుస్తుంది. మన వైజాగ్ ఉక్కలో రంగు మధ్యాహ్నం దాకా నిలబడాలంటే ఎలాగూ కింద రంగుని పట్టి ఉంచే ప్రైమర్ పూత పడాల్సిందే, పైన ఏ బ్రాండైనా.

మీ పాత ప్యాలెట్ ఒకసారి తెరిచి చూడండి. అడుగు రేకు కనిపించే గుంటలు మూడో నాలుగో ఉంటాయి, నీలం, ఆకుపచ్చ ముట్టుకునే ఉండరు. ఆ అరిగిపోయిన షేడ్లలో మ్యాట్‌లు మాత్రం మంచి బ్రాండ్‌లో విడిగా ఒక్కో రంగు చొప్పున అమ్మే సింగిల్స్ కొనుక్కోండి, మిగతావి ఉన్నదాంతో నడపండి. కాదు, మొత్తం ప్యాలెట్టే కావాలంటారా, డబ్బా మీద తెరిచిన మూత బొమ్మలో 12 ఎం అనో 24 ఎం అనో ఉంటుంది, తెరిచాక దాని ఆయుష్షు అన్ని నెలలే. ఆ గడువులో 40 మందికి వాడితే తలకి 160 పైచిలుకు పడుతుంది, మీ ఛార్జీలో కలిసిపోయే డబ్బే. ఫస్ట్ కాపీ పేరుతో అమ్మే నకిలీల జోలికి మాత్రం వెళ్లకండి, అది కళ్ల మీద పెట్టే వస్తువు.

నా గొడవంతా ఆ 6,500 ఎక్కణ్ణుంచి వస్తోందని. కార్డు వడ్డీ నెలకి మూడున్నర శాతం అనుకుందాం. 38 వేల మీద 1,330, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 1,570 దాకా. నాలుగు నెలల వడ్డీ పెడితే మీరడిగే ప్యాలెట్ దాదాపు వచ్చేస్తుంది! మినిమం డ్యూ కరెక్టుగా కడుతున్నానంటున్నారు గానీ అందులో అసలుకి పోయేది చిల్లరే. పైగా పాత బాకీ ఉన్న కార్డుతో కొత్తగా ఏం కొన్నా వడ్డీ లేని గడువు దొరకదు, కొన్న రోజు నుంచే మీటరు తిరుగుతుంది. నో కాస్ట్ ఈఎంఐ అంటారా, సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ నెత్తినే పడతాయి.

ఇక ఆ యాప్. అప్పు తీర్చడానికి అప్పు, అందులోంచి 12 వేలు మళ్లీ కిట్టుకి! ఈ లెక్క మీకెవరు చెప్పారో గానీ వాళ్ల మాట వినకండి. మీ కాంటాక్టులు చూడనివ్వమని అడిగే యాప్ అయితే ఈ రోజే ఫోన్లోంచి తీసేయండి. ఇంట్లో రెండు బంగారు గాజులుంటే బ్యాంకులో తాకట్టు పెట్టి కార్డు బాకీ మొత్తం ఒక్కసారే తీర్చేయండి, ఆ వడ్డీ కార్డు వడ్డీలో మూడో వంతు కూడా ఉండదు.

అసలు విషయం మూఢం. 2025 నవంబరు ఆఖర్లో మొదలైన శుక్ర మూఢం 2026 ఫిబ్రవరి మూడో వారం దాకా సాగింది, మీ కార్డు బాకీ పెరిగింది అప్పుడేనని స్టేట్‌మెంట్ చూడకుండానే చెప్తాను. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం, అంటే ఎండాకాలం సీజన్‌కే గండి, మధ్యలో ఒక్క నెల ఊపిరి పీల్చుకుంటే మళ్లీ ఆషాఢం. ఉద్యోగం ఎప్పుడు పోతుందో జీతం మీద బతికేవాళ్లకి తెలీదు. మీకు మాత్రం సంపాదన ఆగే తేదీలు పంచాంగంలో ముందే అచ్చేసి ఇస్తున్నారు. అయినా పక్కన పెట్టకపోతే ఎలా అమ్మా?

మీకు కావాల్సింది ఆరు నెలల ఖర్చు, 1,08,000. ఒక్కసారే పోగవదు, ముందు 36 వేల మీద కన్నేయండి. ప్రతి బుకింగ్ అడ్వాన్సులో మూడో వంతు, యూపీఐకి కలపని వేరే ఖాతాలోకి, అదే రోజు. అందులో ఓ ఐదు వేలు ఇంట్లో నోట్లుగా ఉంచండి, 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఏటీఎంల పరిస్థితి ఈ ఊరికి చెప్పక్కర్లేదు. 36 వేలు నిండాక మిగిలేదంతా బాకీకి, అది తీరాక మళ్లీ ఈ ఖాతాకే. నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో పెట్టే సిప్‌ల సంగతి ఆ తర్వాత చూద్దాం. ఆరోగ్య బీమా లేకపోతే అది ఆపొద్దు, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా తీసేశారు.

36 వేలు నిండిన నెలలో ఆ మ్యాట్ సింగిల్స్ కొనుక్కోండి. ఫలానా బ్రాండే కావాలన్న పెళ్లికూతురికి వెయ్యి ఎక్కువవుతుందని మొహమాటం లేకుండా చెప్పండి. ఏడుగురు సరే అన్నారంటే ఆ ప్యాలెట్ డబ్బు వాళ్లే ఇచ్చినట్టు, అప్పుడు వెళ్లి కొనుక్కోండి.