మీ సెల్లార్ ర్యాంప్ ఎక్కించి చూడు

చిట్టీ,

ఆటోమేటిక్ కారు కొందామనుకుంటున్నావనీ, రివ్యూలు చూసేకొద్దీ టెన్షన్ ఎక్కువవుతోందనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఏడేళ్లుగా ఆటోమేటిక్కే నడుపుతున్నాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

రివ్యూలు చేసేవాళ్లు చెప్పేది అబద్ధం కాదు. కానీ వాళ్ల చేతిలో కారు ఉండేది కొద్ది రోజులే. ఖాళీ రోడ్డు మీద వంద దాటించి చూస్తారు. సీవీటీ అని, గేర్లకి బదులు బెల్టుతో నడిచే రకం ఆటోమేటిక్ ఉంది, అందులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజన్ అరుస్తుంది గానీ బండి వెంటనే అందుకోదంటారు. నిజమే. కానీ నువ్వు సాయంత్రం ఆరున్నరకి గచ్చిబౌలి నుంచి కూకట్‌పల్లి రావాలి. జేఎన్‌టీయూ దగ్గర అంతగా తొక్కడానికి చోటేదీ? అక్కడ బ్రేక్ వదిలితే కారు దానంతటదే మెల్లగా కదలాలి, నొక్కితే కుదుపు లేకుండా ఆగాలి. నువ్వు చూసుకోవాల్సింది అది.

ఏఎంటీ అనే ఇంకో రకం ఆటోమేటిక్ మన దగ్గరికి 2014లో మారుతి సెలెరియో కారుతో వచ్చింది. లోపల ఉన్నది మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్చే. మన కాలు చేసే పని యంత్రం చేస్తుంది, అంతే. అందుకే గేరు మారినప్పుడల్లా తల ఒకసారి ముందుకి ఊగుతుంది. ఒకటి నుంచి రెండుకి మారబోయే ముందు ఇంజన్ చప్పుడు పెరుగుతుంది చూడు, అప్పుడు పాదం కాస్త వదులు చెయ్యి. పది రోజుల్లో చేతికొస్తుంది.

నా మొదటి కారు కూడా ఏఎంటీనే. మా సెల్లార్ ర్యాంప్ మీద ముందు బండి ఆగితే, బ్రేక్ వెయ్యకుండా యాక్సిలరేటర్‌తోనే నిలబెట్టేవాణ్ణి. ఒకరోజు కారంతా కాలిన వాసన. మెకానిక్ విప్పి చూపిస్తే క్లచ్ ప్లేటు నల్లగా మాడిపోయి ఉంది. వాలు మీద ఆగితే బ్రేకే వెయ్యాలమ్మా, ఇది మర్చిపోకు. డీసీటీ అనే మరో రకంలోనూ క్లచ్‌లే ఉంటాయి, రెండు, ట్రాఫిక్‌లో వేడెక్కుతాయి. టార్క్ కన్వర్టర్ అనే రకం క్లచ్ బదులు ఆయిల్ మీద నడుస్తుంది కాబట్టి ఆగి ఆగి వెళ్లడానికి హాయి, ధర మాత్రం ఎక్కువ.

టెస్ట్ డ్రైవ్‌కి కారు మీ ఇంటికే తెమ్మను. మెయిన్ రోడ్డు మీద ఒక రౌండ్ తిప్పి చాలంటారు, ఒప్పుకోకు. నలుగురు ఎక్కండి. ర్యాంప్ మధ్యలో ఆపి, వెనక ఎవరూ లేకుండా చూసుకుని బ్రేక్ వదులు. ఎంత వెనక్కి జారుతుందో చూడు. వాలు మీద కారు జారకుండా ఆపే హిల్ హోల్డ్ ఉంటే రెండు మూడు సెకన్లు పట్టుకుంటుంది.

నెలకోసారి విజయవాడ హైవే మీద ఊరెళ్తారు కదా, అక్కడ మాత్రం రివ్యూల మాట విను. లారీని దాటేటప్పుడు కారు ఆలస్యంగా అందుకుంటే ప్రమాదం. బ్రేకుల గురించి వాళ్లు చెప్పేది కూడా పట్టించుకో.

ఎడమ కాలికి ఇక పని లేదు, పక్కన పెట్టెయ్. మొదటి వారం క్లచ్ అనుకుని అది బ్రేక్ మీద పడుతుంది, వెనక బైకు ఉంటే కష్టం.

టెస్ట్ డ్రైవ్ ఆదివారం పెట్టుకో. నేనూ వస్తాను, వెనక సీట్లో కూర్చుంటాను.

మీ మామయ్య