వామపక్ష బ్రిటిష్ హాస్యాన్ని ఎవరితో ప్రారంభించాలి?

వామపక్ష దృక్పథంతో, మూసకు భిన్నంగా సాగే బ్రిటిష్ హాస్యాన్ని ఎవరితో ప్రారంభించాలని అడిగితే, నేను ముందుగా మార్క్ స్టీల్ పేరు చెబుతాను. 2009లో బీబీసీ రేడియో 4లో మొదలైన 'మార్క్ స్టీల్స్ ఇన్ టౌన్' కార్యక్రమం కోసం ఆయన ఒక్కో ఊరికి వెళ్లి, అక్కడి చరిత్రనూ, స్థానికుల పట్టింపులనూ తెలుసుకుని, ఆ ఊరివారి ఎదుటే ప్రదర్శన ఇస్తారు. సామాన్యుల పట్ల ఆయనకున్న ఆపేక్షే ఆయన రాజకీయ హాస్యానికి ప్రాణమని నా అభిప్రాయం. స్టూవర్ట్ లీ దారి వేరు. ఒకే మాటను పదేపదే తిప్పి చెబుతూ ప్రేక్షకుల సహనాన్ని సైతం హాస్యంలో భాగం చేస్తారు కాబట్టి, ఆయన ప్రదర్శనను మధ్యలో ఆపకుండా చూడాలి. ఆయుధ వ్యాపారంపై స్వయంగా ఉద్యమించిన మార్క్ థామస్‌నూ తప్పక వినండి. ఈ ధోరణి మూలాలు తెలుసుకోవాలంటే, 1979లో లండన్‌లో ప్రారంభమైన హాస్య ప్రదర్శనల క్లబ్ కామెడీ స్టోర్‌కు తొలి వ్యాఖ్యాతగా వ్యవహరించిన అలెక్సీ సేల్‌ను చూడవచ్చు.